పిల్లల వార్డులో క్రిప్టోస్పోరిడియం: ఇంటి నుంచి వచ్చిందా, వార్డులో సోకిందా?

ప్రశ్న (మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని, హైదరాబాద్):
నగరంలోని ఒక పిల్లల వార్డులో, వారం దాటినా నీళ్ల విరేచనాలు తగ్గని కొందరు పిల్లల మలానికి యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ (సూక్ష్మజీవులకు రంగు పట్టించే పరీక్ష) వేసి చూస్తే విరేచనాలు కలిగించే పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం ఎర్రని గుండ్రటి ఊసిస్టులు (మలంతో బయటికి వచ్చే, గుడ్డులాంటి దాని రూపం) కనిపించాయి. వీరిలో కొందరు విరేచనాలతోనే చేరారు, మరికొందరు న్యుమోనియాతో చేరారు. ఇది వార్డులోనే వ్యాపించిందని ఎలా తేల్చాలి? నీటిలో క్లోరిన్ సరిపడా ఉంది కనుక ట్యాంకును అనుమానించనక్కరలేదా?

జవాబు 1 (ఎపిడెమియాలజిస్టు):
ట్యాంకును తప్పకుండా అనుమానించాలి. ఊసిస్టు పైపొర ఎంత గట్టిదంటే, తాగునీటిలో కలిపే మోతాదు క్లోరిన్‌కు అది చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో శుద్ధి చేసిన నీటి ద్వారానే సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు.

ఇక తేదీల సంగతి. సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 10 రోజులు, సాధారణంగా వారం పడుతుంది. కాబట్టి చేరిన మర్నాడే విరేచనాలు మొదలైన బిడ్డకు బయటే సోకినట్టు, పది రోజులు దాటాక మొదలైతే ఆసుపత్రిలో ఉండగా సోకినట్టు లెక్క. మధ్యలోని వారిని ఎటూ చేర్చకుండా విడిగా ఉంచండి. తొందరపడి ఏదో ఒక వైపు వేస్తే మొత్తం విచారణే పక్కదారి పడుతుంది. రిపోర్టు తేదీని కాకుండా, మొదటి విరేచనం అయిన తేదీని తల్లినడిగి రాసుకోండి.

జవాబు 2 (పిల్లల వార్డు స్టాఫ్ నర్సు):
మేడం, పాలు కలిపే చోటు కూడా చూడండి. ఫ్లాస్కులో నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని పాలపొడిలో కాసిని కుళాయి నీళ్లు పోస్తే, మరిగించిన ఫలితం పోయినట్టే. మంచం పక్కన ఉండే శానిటైజర్ మీద మాకెంతో నమ్మకం, కానీ ఆల్కహాల్‌కు ఈ పరాన్నజీవి లొంగదు. సబ్బుతో, పారే నీటితో కడుక్కోవలసిందే. ఊసిస్టు మలంతో బయటికి వచ్చిన క్షణం నుంచే ఇతరులకు సోకగలదు గనుక, డైపర్ మార్చిన చేత్తోనే పక్క మంచం బిడ్డకు బిస్కెట్టు ఇచ్చినా చాలు. తల్లులను ఇవన్నీ నిందిస్తున్నట్టు అడగకండి. భయపెడితే ఎవరూ నిజం చెప్పరు.

జవాబు 3 (ల్యాబ్ శాస్త్రవేత్త):
మలం నమూనాల్లో కొంత భాగాన్ని ఫార్మాలిన్ కలపకుండా ఫ్రిజ్‌లో దాచండి, లేకపోతే డీఎన్ఏ పాడవుతుంది. ఈ పరాన్నజీవిలోని జీపీ60 అనే జన్యువును చదివిస్తే దాని ఉపరకం తెలుస్తుంది. ఉపరకాలు వేరైతే ఒకరి నుంచి ఒకరికి అంటలేదని చెప్పవచ్చు. ఒకటే అయినా తొందరపడకూడదు, అదే రకం ఊరంతా తిరుగుతూ ఉండవచ్చు. మంచాల వరుస, తేదీలు కూడా కలిసినప్పుడే ఆ సాక్ష్యానికి బలం. ఇంకో మాట, మామూలు మల పరీక్షలో ఇది సులువుగా తప్పిపోతుంది కనుక ‘నిల్’ అని రిపోర్టు వచ్చిన పిల్లల నమూనాలకు కూడా ఈ స్టెయిన్ వేయించండి.