బాపుకు ఊర్ల ఆక్సిడెంట్, నేను డాలస్‌ల: క్లెయిమ్‌కు ఏమేం కూడబెట్టాలె?

వర్ధన్నపేట తమ్ముడు, డాలస్:
అందరికీ నమస్తే. ఎమ్మెస్ కోసం ఆగస్టుల వచ్చిన. మొన్న శుక్రవారం బాపు బండి మీద ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటే వెనుకనుంచి కారు గుద్దింది. కుడికాలు బొక్క రెండు చోట్ల ఇరిగింది, రాడ్ ఏసిండ్రు. కారోళ్లు ఇంటికొచ్చి లక్ష ఇస్తం, కేసు వద్దంటున్నరట. అమ్మకేం సమజైతలేదు. నేను వచ్చెయ్యాల్నా?

నర్సంపేట అన్న, హ్యూస్టన్:
తమ్మీ, బాపు పాణానికి ఏం కాలేదు, అది పెద్ద మాట. కేసు కోసమైతే నువ్వు రావాల్సిన పని లేదు. పిటిషన్ మీద సంతకం దెబ్బ తాకినాయనే పెడ్తడు. బాపును చూసుకోవాలని మనసు కొట్టుకుంటే రా, కానీ మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగకుండ క్లాసులు ఇడిశిపెట్టకు. అనుమతి లేకుండ క్రెడిట్లు తగ్గితే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్‌కే మోసం.

మా బాపుకు కూడ గిట్లనే అయింది. దవాఖానకు తీస్కపోయిన మా కాక కంగార్ల "బండి మీదికెళ్లి పడ్డడు" అన్నడు. కేస్ షీట్ల అదే రాసుకున్నరు. ఇన్సూరెన్స్ తరఫు లాయర్ ఆ ఒక్క ముక్క పట్టుకొని, అసలు కారు గుద్దనే లేదని రెండేండ్లు తిప్పిండు. అందుకే ఇయ్యాల్నే ఫోన్ చేసి, దవాఖానల చేర్చినప్పుడు ఎంఎల్‌సీల (పోలీసు కేసయ్యే గాయాలకు దవాఖానోళ్లు రాసే రికార్డు) ఏం రాసిండ్రో అడుగు. తప్పు పడితే దిద్దమని గొడవ పెట్టుకోవద్దు. జరిగింది జరిగినట్టు బాపు పోలీసులకు వాంగ్మూలం ఇయ్యాలె.

ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినోళ్లకు ఉత్తగనే ఇస్తరు. తర్వాత పంచనామ, స్కెచ్, ఎంవీఐ (మోటార్ వెహికిల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల సర్టిఫికెట్ స్టేషన్‌ల అడిగి తీసుకోవాలె. కారు నంబరు ఎంపరివాహన్ యాప్‌ల కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాక ఉన్నదో కనవడ్తది. బాపు లైసెన్సు, బండి కాగితాలు గూడ తీసి పెట్టుమను, తప్పు బాపుదే అనెటందుకు ఇన్సూరెన్సోళ్లు అవే ఎతుకుతరు.

అక్కడ పెట్రోల్ బంకు, దుకాణాలు ఏమన్న ఉంటే సీసీ కెమెరా సంగతి అన్నిటికంటె ముందు చూడాలె. కొత్త రికార్డింగు పాతదాన్ని మింగేస్తది. ఫుటేజీ జప్తు చెయ్యుమని ఎస్ఐకి దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు ఏయించుకోవాలె. ఉత్త పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకుంటే కోర్టుల నిలవదు, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతపడాలె. ఫోటోలు నీకు వాట్సాప్‌ల పంపుతే డాక్యుమెంట్ లెక్క పంపుమను. మామూలుగ పంపుతే ఫోటో తీసిన టైము, జాగ వివరాలు పోతయి.

ఇగ అసలు లడాయి ఆదాయం కాడ. మన రైతులకు జీతం చిట్టి ఉండదు. పాసుబుక్కు భూమి ఉన్నదని చెప్తది గానీ బాపు రెక్కల కష్టం చెప్పదు. "కాలు ఇరిగితే భూమి ఎటు పోయింది, కౌలుకియ్యొచ్చు గదా" అని ఇన్సూరెన్స్ లాయర్లు అడుగుతరు. దానికి జవాబు కాగితాల్లనే ఉండాలె. మార్కెట్ల ఇచ్చిన తక్‌పట్టీలు (పంట అమ్మిన చిట్టీలు), పత్తి, మిర్చి పైసలు పడ్డ బ్యాంకు పుస్తకం, ఎరువుల బిల్లులు తీయించు. బాపు మంచం పట్టినంక నీళ్లు కట్టెటందుకు, మందు కొట్టెటందుకు ఎవర్ని పెట్టిండ్రు, రోజుకు ఎంతిచ్చిండ్రు, అమ్మను తారీఖులతోని నోటుబుక్కుల రాయమను. కూలి పైసలు ఫోన్‌పేల కొట్టుమను. మేము ఈ పని చెయ్యలేదు, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

లెక్క చూడు. బాపుకు 52 ఏండ్లు, నెలకు 15,000 ఆదాయం రుజువైంది, పనిచేసే శక్తి 20 శాతం పోయిందనుకుందాం. ఏడాదికి 1,80,000ల 20 శాతమంటే 36,000. 2009ల సుప్రీంకోర్టు ఇచ్చిన సరళా వర్మ తీర్పు ప్రకారం 51 నుంచి 55 ఏండ్లోళ్లకు గుణకం (ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఎంతతోని గుణించాల్నో ఆ అంకె) 11. మొత్తం 3,96,000. దవాఖాన ఖర్చు, నొప్పికి ఇచ్చేది వేరే. గందుకే ఒరిజినల్ బిల్లులు, ఎక్స్‌రే ఫిల్ములు ఎవరి చేతికీ ఇయ్యకుండ్రి.

హన్మకొండ అక్క, న్యూజెర్సీ:
తమ్ముడూ, ఆ లక్షకు అమ్మతోని గానీ బాపుతోని గానీ ఏ కాగితం మీద సంతకం పెట్టనియ్యకు. కారుకు పాలసీ నడుస్తుంటే మామూలుగ నష్టపరిహారం కట్టేది బీమా కంపెనీ. ఈ ముక్క కారాయనకు శాంతంగ చెప్తే ఆయన భయం గూడ తగ్గుతది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్లెయిమ్ పిటిషన్‌కు ఆరు నెలల గడువు పెట్టిండ్రు, లాయర్ "చూద్దాం" అంటే ఊకోకు. ఇక్కడ పొద్దున లేవంగనే అక్కడ సాయంత్రం, రోజు పది నిమిషాలు అమ్మతోని మాట్లాడి ఒక్కొక్క కాగితం అడుగు. ఒక్కసారే అన్నీ అడుగుతే బెంగటిల్లుతది.

వర్ధన్నపేట తమ్ముడు, డాలస్:
అన్నా, అక్కా, శరణు. తక్‌పట్టీలు నాలుగేండ్లయి బీరువల దొరికినయి. ఎఫ్ఐఆర్‌ల మాత్రం కారు నంబరు ఒక అంకె తప్పు పడ్డది.

నర్సంపేట అన్న, హ్యూస్టన్:
ఎఫ్ఐఆర్ మళ్ల రాయరు తమ్మీ. కారు ఫోటో జతచేసి, సరైన నంబరు ఇది అని బాపు సంతకంతోని రేపే ఎస్ఐకి దరఖాస్తు ఇప్పియ్యి. ఛార్జిషీటుల సరైన నంబరు పడ్డదాక నెలకోసారి అడుగు. స్టాంపు ఏసిన కాపీ నువ్వు దాచుకో.