నీళ్లు నమిలేవాళ్లు, పాలు నమిలినాయన

నల్గొండ నుంచి:

మన తెలుగు భాష గ్రూపులో పెద్దలకు నమస్కారం. చిన్న సందేహంతో మొదలుపెడుతున్నా, ఎక్కడ తేలుతానో తెలియదు. కాస్త ఓపిక పట్టండి.

మొన్న ఆదివారం మా అన్న బిడ్డ లెక్కల హోంవర్క్ చేయలేదు. ఎనిమిదో తరగతి. ఎందుకు చేయలేదని అడిగితే గోడ వంక చూస్తూ నిలబడింది. "నీళ్లు నములుతున్నవేందే, చెప్పు" అని మా వదిన గద్దించింది. పిల్ల హోంవర్క్ మాట ఎత్తలేదు. "అమ్మా, అసలు నీళ్లు ఎట్ల నములుతరు?" అంది. అని ఊరుకుందా! చెంబు అందుకుని, బుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని, అద్దం ముందు నిలబడి దవడలు ఆడించింది. రెండుసార్లు నమిలేసరికే నీళ్లు పెదవి చివర నుంచి గదువ మీదికి, గదువ నుంచి మెడలోకి కారాయి. మూడోసారికి నవ్వు ఆగక అద్దం నిండా ఊసింది.

ఆ అద్దం తుడిచింది నేనే. ఈ మాటను చిన్నప్పటి నుంచి వింటున్నాను, వాడుతున్నాను. ఒక్కసారైనా బొమ్మ కట్టి చూసుకోలేదు.

ఇప్పుడు చూస్తే నాకు తోచింది ఇది. నమలడం బయటికి కనిపించే పని. ఎదుటివాడి దవడ ఆడుతుంటే మనమే ఆగుతాం, నోట్లో ముద్ద ఉంది, మింగినాక చెప్తాడులే అని. ఆకువక్క నమిలే పెద్దమనిషిని ఎవరూ తొందరపెట్టరు. జవాబు చెప్పలేనివాడు ఆ మర్యాదనే అడ్డం పెట్టుకుంటాడు. పెదవులు కదులుతాయి, దవడ ఆడుతుంది, లోపల నమలడానికి సరుకు లేదు. అందుకే ఈ మాటలో నాకు తడబాటు కంటే దొంగతనం ఎక్కువ వినిపిస్తుంది.

గుటకలు మింగేవాడు వేరు. వాడు భయపడ్డాడు, లేదంటే ఎదురుగా ఉన్న మిఠాయి మీద ఆశపడ్డాడు. నసిగేవాడి దగ్గర జవాబు ఉంటుంది, చెప్పడానికే మొహమాటం. నాన్చేవాడు ఆఫీసరు, వాడికి జవాబు చెప్పాల్సిన తొందరే లేదు. నీళ్లు నమిలేవాడికి జవాబు తెలుసు, అది బయటపడితే వీపు పగులుతుందనీ తెలుసు.

మీ వైపు దీనికి వేరే మాటలు ఉన్నాయా?

మిర్యాలగూడ నుంచి:

అన్నా, వేరే మాట కాదు గానీ దీనికి ఎదురు మాట ఒకటి గుర్తొచ్చింది. "వాని నోట్లో నువ్వుగింజ నానదు" అంటాం కదా. నువ్వుగింజ నానేంతసేపు కూడా ఏ మాటా దాచుకోలేడు. ఒకడి నోట్లో గింజ నానదు, ఇంకొకడు నీళ్లే నములుతాడు. మా స్కూల్లో రెండు రకాలూ పక్కపక్క బెంచీల్లోనే కూర్చుంటారు.

నల్గొండ నుంచి:

భలే జత కలిపారు మేడం. ఆ రెండూ ఒకే నోటి సంగతులని నాకు తట్టలేదు.

ఇక అసలు విషయం. నమలడాన్నే మతంలా పట్టుకున్న మనిషి ఒకాయన నిజంగా ఉన్నాడు. పేరు హొరేస్ ఫ్లెచర్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, లారెన్స్ ఊళ్లో 1849లో పుట్టాడు. వ్యాపారాల్లో బాగా సంపాదించాడు. ఇవాళ మన బస్టాండు పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు వరుసగా వేలాడుతుంటాయి కదా, ఆ బాపతు పుస్తకం ఆయన 1895లోనే రాశాడు. దాని పేరు మెంటికల్చర్. మన మాటల్లో చెప్పాలంటే మనసు సేద్యం. కోపం, చింత, ఈ రెండు కలుపు మొక్కల్నీ వేళ్లతో సహా పీకేస్తే మనిషి బాగుపడతాడన్నది దాని సారం. (కలుపు పోలిక నాది. సేద్యం అన్నాక కలుపు రాకుండా ఉంటుందా.)

మనసు సంగతి చూసినాయన తర్వాత కడుపు మీద పడ్డాడు. కారణం ఆయన ఒళ్లే. అయిదడుగుల ఆరంగుళాల ఎత్తుకు 217 పౌండ్ల బరువు, అంటే దాదాపు 98 కిలోలు. జుట్టు ముందే నెరిసింది. జీవిత బీమా వాళ్లు పాలసీ ఇవ్వం పొమ్మన్నారు. డబ్బుండీ బీమా దొరకని మనిషికి ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించుకోండి. అప్పుడు కనిపెట్టిన సూత్రం ఇది: నిజమైన ఆకలి వేసేదాకా ఆగు. మనసు కోరిందే తిను. తినేటప్పుడు దిగులు దగ్గరికి రానీయకు. నోట్లో పెట్టుకున్నదాన్ని రుచి ఉన్నంతసేపూ నములు, అది దానంతట అదే గొంతు దిగాలి, నువ్వు మింగకూడదు.

ముద్దకు ముప్పై రెండుసార్లు, పంటికొకటి చొప్పున నమలమని బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ చెప్పాడని అప్పటికే ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఫ్లెచర్‌కు అది చాలలేదు. ఆరు గ్రాముల బరువు కూడా లేని ఉల్లికాడ ముక్క గొంతు దిగడానికి 722 సార్లు నమలాల్సి వచ్చిందని లెక్క రాసి పెట్టాడు. ఏడు వందల ఇరవై రెండు! మా ఇంట్లో అంతసేపట్లో పప్పు ఉడికి, తాలింపు కూడా పడుతుంది.

మన చర్చకు పనికొచ్చేది ఇంకోటుంది. గట్టి పదార్థాలతో ఆగలేదు ఆయన. పాలు, సూపు లాంటి రుచి గల ద్రవాల్ని కూడా గటగటా తాగొద్దన్నాడు. వైన్ రుచి చూసేవాళ్లలా నోట్లో అటూ ఇటూ తిప్పి తిప్పి, రుచి మొత్తం పోయాకే లోపలికి వదలాలట. అంటే పాలు నమలాలి.

దేవరకొండ నుంచి:

మరి నీళ్లు నమిలిండా లేదా? అసలు ముచ్చట చెప్పకుండా నువ్వే నీళ్లు నములుతున్నవు అన్నా.

నల్గొండ నుంచి:

వస్తున్నా తమ్మీ. ఆయన సూత్రమంతా రుచి మీద నిలబడింది. రుచి ఉన్నంతసేపే నమలడం. నీళ్లకు రుచి లేదు. కాబట్టి ఆ లెక్కన నీళ్లలో నమలడానికి ఏమీ లేదు. పాలు నమిలే గురువు దగ్గర కూడా నీళ్లు నమలడానికి చోటు లేదంటే, మన నుడికారం కట్టినవాళ్లు ఎంత చూసి కట్టారో చూడు.

దేవరకొండ నుంచి:

నీళ్లకు రుచి లేదని నల్గొండ జిల్లాల కూసొని రాస్తున్నవా! ఒకసారి మా బోరు నీళ్లు తాగి చూడు. ఒక గ్లాసు పోస్తే పప్పుల ఉప్పు వేసే పని లేదు.

నల్గొండ నుంచి:

ఒప్పుకున్నా. మన దగ్గర ఆ సూత్రం చెల్లదు. కానీ తమ్మీ, ఉప్పు నాలుకకు తెలుస్తుంది, ఊసేస్తాం. ఫ్లోరైడ్ తెలియదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మర్రిగూడ వైపు అంతకన్నా ఎంతో ఎక్కువున్న నీళ్లనే జనం ఏళ్ల తరబడి తాగారు. పళ్లకు గార పట్టింది, ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అని పేరు. మన ఊరి పేరు ఆ రకంగా పుస్తకాలకెక్కింది. నమిలి ఆరోగ్యం తెచ్చుకోమన్న ఫ్లెచర్ మాట పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకే కదా.

పాలమూరు నుంచి:

నాయనా, ఆ దొర లెక్కకు పూర్తిగా ఎదురు లెక్క సుమతీ శతకంలో ఉంది.

"సిరి దా బోయిన బోవును
కరి మింగిన వెలగపండు కరణిని సుమతీ"

ఏనుగు వెలగపండును కొరకదు, నమలదు, గుటుక్కున మింగుతుంది. కాయ కాయలాగే బయటపడుతుంది, లోపల గుజ్జు మాత్రం ఉండదట. సంపద పోవడం కూడా అట్లాగే, పైకి డొల్ల మిగులుతుంది. అయితే ఏనుగు కడుపులో అట్లా జరగదని, ఇక్కడ కరి అంటే పండును లోపలే తినేసే పురుగు అని చెప్పే పండితులూ ఉన్నారు. మా సార్ ఆ అర్థమే చెప్పేవారు. నాకు మాత్రం ఏనుగే ఇష్టం.

మిర్యాలగూడ నుంచి:

నాకూ ఏనుగే సార్. చంటిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం, గుర్రం తిన్న గుగ్గిళ్లు జీర్ణం, ఏనుగు తిన్న వెలక్కాయ జీర్ణం" అంటాం కదా, అక్కడ పురుగు అంటే పాటే చెడిపోతుంది. వాతాపిని మేక మాంసంగా తిన్న అగస్త్యుడు కూడా ఎన్నిసార్లు నమిలాడో ఎవరూ చెప్పలేదు. మన దగ్గర పని అంతా పొట్టదే, పళ్లది కాదు.

నల్గొండ నుంచి:

మేడం, ఇది నేను దొంగిలించి ఎక్కడో వాడుకుంటాను, ముందే చెప్తున్నా.

ఫ్లెచర్ విషయంలో నాకు బాగా నచ్చిన పోలిక చెరుకు. చెరుకును మనం నమిలి, రసం మింగి, పిప్పి ఊసేస్తాం. ఆయన అన్ని తిండ్లనూ చెరుకులాగే తిన్నాడు. ఎంత నమిలినా దానంతట అది దిగని పీచును మింగొద్దు, తీసేయమన్నాడు. అంత నమిలితే కడుపులోంచి బయటికొచ్చేది కూడా కొంచెమేనని, దానికి వాసన ఉండదని వాదించాడు. ఆ భాగం ఇంకా చాలా ఉంది, భోజనం చేస్తూ చదివేవాళ్లుంటారని ఆపేస్తున్నా.

పిచ్చి మనిషని తీసిపారేయలేం. యాభై ఎనిమిదేళ్ల వయసులో యేల్ యూనివర్సిటీలో పిక్క బలం పరీక్ష పెడితే 300 పౌండ్ల బరువును 350 సార్లు ఎత్తాడు. మిషిగన్‌లో శానిటోరియం నడిపిన కెల్లాగ్ డాక్టరు, అదే కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగ్, మొదట్లో తన రోగుల చేత నమిలే పాట పాడించాడు. తర్వాత పీచు కూడా కడుపుకు కావాలని వెనక్కి తగ్గాడు. తత్వవేత్త విలియం జేమ్స్ మూడు నెలలు నమిలి, ప్రాణం మీదికొచ్చిందని మానేశాడు. ఫ్లెచర్ 1919లో కోపెన్‌హాగెన్‌లో చనిపోయాడు. క్యాలరీల లెక్కలు, విటమిన్లు వచ్చాయి, దవడల లెక్క మూలన పడింది.

భాష వాళ్లం కాబట్టి ఇది చూడండి. ఇంగ్లిషులో ఆయన పేరే క్రియ అయి కూర్చుంది. ఫ్లెచరైజ్ అంటే బాగా నమలడం. నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. మనం పేర్లను అట్లా వాడతామా? భగీరథ ప్రయత్నం అంటాం, కుంభకర్ణ నిద్ర, త్రిశంకు స్వర్గం, శల్య సారథ్యం అంటాం. పేరును ఒక నామవాచకం ముందు కూర్చోబెడతాం తప్ప, "వాడు ఆఫీసులో కుంభకర్ణించాడు" అనం. ఎందుకంటారు?

పాలమూరు నుంచి:

"ఇంచు" ప్రత్యయం అడ్డం కాదు నాయనా. ప్రేమించు, వాదించు లాగా చాలా మాటలకు తగిలించవచ్చు. కానీ పేరుకు తగిలిస్తే వెక్కిరింపు అవుతుంది, అందుకే గంభీరంగా వాడలేం. మన వైపు మాటల్లో అయితే "ఫ్లెచర్ చేసుడు" అని తేలిగ్గా అయిపోతుంది.

ఇంకో సంగతి. ఆ దొరకు ఒక్క నమలడమే ఉంది. మనకు తిండిని బట్టి క్రియ మారుతుంది. అంబలి జుర్రుతాం. పేలపిండి బుక్కుతాం. మామిడి టెంక చీకుతాం. చింతపండు చప్పరిస్తాం. జొన్నరొట్టె నములుతాం. పాలు నమలమంటే మా నాయనమ్మ దిష్టి తీసేది.

దేవరకొండ నుంచి:

నెమరు సంగతి మరిచిపోయిండ్రు. బర్రె నెమరు వేస్తది, మనం పాత ముచ్చట్లు నెమరు వేసుకుంటం. ఒక నమలుడు తిట్టు, ఒక నమలుడు ముచ్చట.

నల్గొండ నుంచి:

ఇది గట్టి పాయింటు తమ్మీ. నెమరు వేసేది ఒకసారి మింగింది. అందులో సరుకు ఉంది. నీళ్లు నమిలేవాడి నోట్లో అదే లేదు.

ఫ్లెచర్ నినాదం ఒకటుంది, నమలనివాణ్ణి ప్రకృతి శిక్షిస్తుందని. ఇంగ్లిషులో శిక్షించడానికి, నమలడానికి (క్యాస్టిగేట్, మాస్టికేట్) ప్రాస కలుస్తుంది. తెలుగులో ప్రాస కలిపి ఎవరైనా చెప్పగలరా?

దేవరకొండ నుంచి:

నమలనోణ్ణి ప్రకృతే నమిలేస్తది.

మిర్యాలగూడ నుంచి:

దొర బతికుంటే ఇది తీసుకునేవాడు.

నల్గొండ నుంచి:

తీసుకునేవాడు కాదు మేడం, ఏడు వందల ఇరవై రెండుసార్లు చెప్పించేవాడు.

ఈ కథంతా ఆ పిల్లకు చెప్పాను. రాత్రి జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దాకా కోడికూర వైపు చూడనే లేదు. నలభై దాటాక లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి పట్టుకుంది. రొట్టె తియ్యగా అయిందట, ఆ ఒక్క మాట చెప్పడానికి మధ్యలో నోరు తెరిచింది. మా వదిన లెక్కల నోటు బుక్కు తెచ్చి కంచం పక్కన పెట్టి, "ఇప్పుడైనా చెప్పు, ఎందుకు చేయలే?" అంది. పిల్ల దవడ ఆపకుండా, నోరు నిండా రొట్టె ఉందని చేత్తో చూపించింది.