సమస్య: "దిద్దకున్నను రంధ్రము పెద్దదయ్యె"

నిర్వాహకుడు:
ఛందస్సు తేటగీతి. పాదంలో ప్రాసయతి (దిద్ద–పెద్ద) ఉంది, చూసుకోండి. విషయానికి కూడా నియమం ఉంది: మాన్యువల్ మిల్లింగ్ మిషన్ మీద బోరింగ్ హెడ్‌తో (టూల్ బారును డయల్‌తో పక్కకు జరిపి, తిప్పుతూ రంధ్రం పెంచే తల) బేసి సైజు రంధ్రం. 20 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ పలకలో 27.63 మి.మీ. రంధ్రం అనుకోండి. ఆ సైజుకు డ్రిల్లూ రీమరూ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చే పనిముట్టు) బజార్లో ఉండవు. 26 డ్రిల్ వేసి, మిగతా 1.63 బోరింగ్‌తో తీయాలి. హెడ్ డయల్ ముట్టకుండా రంధ్రం ఎలా పెరిగిందో మొదటి మూడు పాదాల్లో చెప్పండి. షాప్‌లో నిజంగా జరిగే కారణమే కావాలి. దయ్యాలూ శాపాలూ చెల్లవు.

బోరుబారు:

సన్న బారది లోతున జంకి వంగె;
మిగులు లోహము మరుకోత మింగివేసె
నంకె మారక డయలుపై నట్లె యుండ
దిద్దకున్నను రంధ్రము పెద్దదయ్యె.

గణాల గురువు:
గణాలు, యతులు అన్నీ సరే. మొదటి పాదంలో స–జ మైత్రి చెల్లుతుంది. "జంకి వంగె" చాలా బాగుంది, బారు నిజంగా చేసే పని అదే. అభినందనలు.

సూక్ష్మమాపి:
పద్యంలో ఉన్నది స్ప్రింగ్ పాస్. కోత ఒత్తిడికి బారు లోపలికి వంగుతుంది, అంచున కొంత లోహం మిగులుతుంది. అదే సెట్టింగ్‌తో మళ్లీ దింపితే ఆ మిగులు తెగుతుంది. బయటకు వేలాడే పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లవుతుంది. 12 మి.మీ. బారు బదులు 16 వాడితే వంపు మూడో వంతుకు పడిపోతుంది. 26 రంధ్రంలో 16 బారు హాయిగా పడుతుంది, సన్నది ఎందుకు పెట్టడం?

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆఖరి సైజుకు స్ప్రింగ్ పాస్‌ను నమ్ముకోకండి. అది ఎంత తీస్తుందో ముందే చెప్పలేం. కార్బైడ్ టిప్ అయితే అంత పల్చని పొరను కోయకుండా రుద్ది ఊరుకోవచ్చు కూడా. చివరి రెండు కోతలూ ఇంచుమించు సమానంగా ఉండేట్టు ప్లాన్ చేయాలి. 27.23 దగ్గర ఆగండి. డయల్ మీద 0.20 (వ్యాసంలో) వేసి ఒక కోత తీసి కొలవండి. 27.43 రావాల్సింది 27.41 వచ్చిందనుకోండి, మిగిలింది 0.22. అదే వేయండి. ఒత్తిడి దాదాపు మారదు, వంపూ మారదు, 27.63 పక్కనే పడుతుంది. స్పీడు, ఫీడు (ఒక్కో తిరుగుడుకు టూల్ దిగే దూరం) రెండు కోతలకూ ఒకటే ఉండాలి. హైస్పీడ్ స్టీల్ టూల్ అయితే నిమిషానికి 290 తిరుగుళ్ల చుట్టుపక్కల, క్విల్ (స్పిండిల్‌ను పైకీ కిందికీ నడిపే గొట్టం) ఆటో ఫీడ్ తిరుగుడుకు 0.04 మి.మీ. దగ్గర. చేత్తో దింపితే ఫీడు నిలకడగా ఉండదు, లెక్క తప్పుతుంది.

అల్యూమినియం అభిమాని:

కోత వేడిమి యారక కొలత తీయ
నుబ్బె నల్యుమినియమట నిబ్బరముగ;
చల్లబడిన వెన్క మరల సన్నబడును;
దిద్దకున్నను రంధ్రము పెద్దదయ్యె.

గణాల గురువు:
"అల్యుమినియము"ను గణాల్లో ఇరికించినందుకు ఒక వీరతాడు. కానీ "అట" వ్యర్థపదం, "నిబ్బరముగ" ప్రాసయతికి తెచ్చిన పూరకం. రెండో పాదం ఇలా మార్చి చూడండి: "నుబ్బె దిమ్మయు బిలమును నొక్కతీరు". మూడో పాదం భవిష్యత్తు, నాలుగోది భూతకాలం, వరస కాస్త ఎదురు నడుస్తోంది.

సూక్ష్మమాపి:
గురువుగారి సవరణలో శాస్త్రం కూడా కుదిరింది. వేడికి దిమ్మ ఉబ్బితే రంధ్రం మూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు, రంధ్రమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అల్యూమినియంలో 50 మి.మీ. రంధ్రం 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే సుమారు 0.023 పెద్దగా చూపిస్తుంది. స్టీల్‌లో దాదాపు సగం. అంటే వేడి మీద సరిపోయిందని దించేస్తే, చల్లారాక బేరింగ్ ఎక్కదు. చివరి కోతకు ముందు కూలెంట్ పోసి, చెయ్యి పెట్టి చూసి, అప్పుడు బోర్ గేజ్ (రంధ్రం లోపలి వ్యాసం కొలిచేది) దించండి. పైన, మధ్యన, అడుగున, ఒక్కో చోట రెండు దిక్కుల్లో. వెర్నియర్ దవడలు గుండ్రని గోడ మీద సరిగా ఆనవు. ఈ పనికి దాన్ని పక్కన పెట్టండి.

బిగువు తక్కువ:

లాకు బిగియని తలలోన లంకె జరిగె;
తిరుగు వేగము కదలింప తెగెను మిగుల;
లోపమేదని వెదకక లొసుగును సరి
దిద్దకున్నను రంధ్రము పెద్దదయ్యె.

గణాల గురువు:
"సరిదిద్దకున్నను" విరుపు చమత్కారంగా ఉంది. చిక్కల్లా "ఉన్నను" దగ్గరే. సరిదిద్దలేదు కనుక పెద్దదయ్యింది అని మీ భావం, "ఉన్నను" ఆ అర్థం ఇవ్వదు. పైగా సమస్యలోని విరోధం మాయమైంది. రెండో పాదంలో సరళాదేశం (త బదులు ద) చేసి "కదలింప దెగెను" అనాలి, యతికి ఢోకా లేదు. ఇక ఆ లంకె యతి కోసం దిగింది తప్ప హెడ్‌లో ఎక్కడా కనబడదు.

సూక్ష్మమాపి:
జరిగేది స్లైడు, అంటే హెడ్‌లో బారును పట్టుకుని పక్కకు జరిగే భాగం. లాక్ వదులైతే అది మరలోని ఆట (వదులు) మేరకు అటూ ఇటూ ఊగుతుంది. గోడ మీద అలలు పడతాయి, రంధ్రం పెద్దదే అవుతుందన్న హామీ లేదు. మీ పద్యానికి పనికొచ్చే కారణం వేరే ఉంది: అంకె పెట్టాక లాక్ స్క్రూ బిగించేటప్పుడే స్లైడు ఒక వీసం జరుగుతుంది. డయల్ మాత్రం అదే అంకె చూపిస్తుంది. బారు పక్కన డయల్ ఇండికేటర్ (సన్న కదలికను ముల్లుతో చూపే గేజ్) ఆనించి లాక్ బిగించి చూస్తే ముల్లు కదలడం కనబడుతుంది. ముల్లును చూసి సెట్ చేయండి, డయల్‌ను కాదు. అంకె దాటిపోతే ఒక చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ ముందుకే రావాలి. డయల్ గీత వ్యాసార్ధానిదా వ్యాసానిదా అన్నది కూడా ఇండికేటర్‌తోనే తేల్చుకోండి, హెడ్‌కూ హెడ్‌కూ తేడా ఉంటుంది.

బిగువు తక్కువ:
ధన్యవాదాలు. సవరించాను:

లాకు బిగియించు నంతలో లాగె టూలు;
తిరిగి కోయగ లోహము తెగెను మిగుల;
తప్పు కనరాదు పైపైన, దాని డయలు
దిద్దకున్నను రంధ్రము పెద్దదయ్యె.

గణాల గురువు:
"డయలు దిద్దకున్నను"! విరోధం తిరిగి వచ్చింది. "దాని" ఎవరిదో అన్వయం కొంచెం వెతుక్కోవాలి, అయినా పద్యం నిలబడింది.

అల్యూమినియం అభిమాని:
చిన్న సందేహం. కోత అయ్యాక టూల్ పైకి తీసేటప్పుడు గోడ మీద సన్న గీత పడుతోంది. అది కూడా "పెద్దదయ్యె" కిందికి వస్తుందా?

సూక్ష్మమాపి:
రాదు, గేజ్‌కు తగలకపోవచ్చు. వంగిన బారు కోత ఆగగానే తిన్నబడి గోడకు ఆనుతుంది, ఆ గీత దానిదే. తిరుగుతుండగా లాగితే మెలికల గీత, ఆపి లాగితే నిలువు గీత. స్పిండిల్ ఆపి, టూల్ మొన మీవైపు తిప్పుకుని, లాక్ తీసిన టేబుల్‌ను మొన గోడను వదిలేట్టు కాస్త జరిపి పైకి తీయండి. అది చివరి కోత అయితేనే. మధ్య కోతల్లో టేబుల్ కదిపితే కేంద్రం పోతుంది, అక్కడ గీత పడినా పడనివ్వండి.