హోటల్ గదిలో టిప్పు రోజూ పెట్టాలా? బోర్డు తగిలించినా సిబ్బంది లోపలికి రావచ్చా?

సూట్‌కేస్:
అయిదు రాత్రులు హోటల్లో ఉండాల్సిన పని పడింది. గది శుభ్రం చేసేవాళ్లకి టిప్పు రోజూ పెట్టాలా, ఖాళీ చేసే రోజు ఒకేసారి ఇస్తే సరిపోతుందా? టేబుల్ మీద డబ్బు వదిలేస్తే ముట్టుకోరని అంటున్నారు, నిజమేనా? ఇంకోటి, ‘డు నాట్ డిస్టర్బ్’ బోర్డు తగిలించాక కూడా లోపలికి వచ్చే హక్కు వాళ్లకి ఉందా? టిప్పు కోసం గుమ్మం దగ్గర నిలబడిపోయేవాళ్లతో ఏం మాట్లాడాలి?

తాళంచెవి:
రోజూ పెట్టండి. రూమ్ అటెండెంట్లకి వారపు సెలవులుంటాయి, ఫ్లోర్లు మారుతుంటాయి. చివరి రోజు పెట్టిన మొత్తం ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషికే పోతుంది. అంతకుముందు నాలుగు రోజులూ బాత్రూమ్ కడిగినవాళ్లకి పైసా రాదు.

ముట్టుకోరన్న మాట చాలా హోటళ్లలో నిజమే. అతిథి డబ్బు మాయమైందంటే మొదటి అనుమానం వాళ్ల మీదికే వెళ్తుంది, ఉద్యోగం పోవచ్చు. అందుకని అది టిప్పేనని చూడగానే తెలియాలి. గదిలో ఉండే నోట్‌ప్యాడ్ కాగితం మీద ‘హౌస్‌కీపింగ్‌కి, ధన్యవాదాలు’ అని రాసి, తేదీ వేసి, డబ్బు అందులో మడిచి దిండు మీద పెట్టండి. స్థానిక భాష రాకపోతే ఇంగ్లీషులో ‘థాంక్యూ’ చాలు. పక్కనే మీ పర్సు, చిల్లర పడేసి ఉంచొద్దు, ఏది ఎవరిదో తేలదు. విదేశీ నాణేలు అసలు వద్దు, మనీ ఛేంజర్లు సాధారణంగా నోట్లే తీసుకుంటారు.

2014లో మారియట్ హోటల్ కంపెనీ అమెరికా, కెనడా హోటళ్లలో టిప్పు కోసం గదుల్లో కవర్లు పెట్టింది. జీతాలు పెంచాల్సిన చోట అతిథుల జేబు చూపిస్తున్నారని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ ఆ కోపంతో టిప్పు ఎగ్గొడితే నష్టపోయేది కంపెనీ కాదు.

మూడో అంతస్తు:
మిగతావాళ్ల సంగతి. సామాను మోసినవాళ్లకి బ్యాగుల లెక్కన, గదిలో దించగానే. కార్ తెచ్చిచ్చే వాలెట్‌కి, కార్ చేతికొచ్చినప్పుడు. రిసెప్షన్‌లో మామూలుగా అక్కర్లేదు. దారి చెప్పినందుకు కాన్సియర్జ్‌కీ (టికెట్లు, బుకింగుల్లాంటి పనుల్లో అతిథులకి సాయపడే ఉద్యోగి) అక్కర్లేదు గానీ, దొరకని టికెట్ సంపాదించి పెడితే ఇవ్వాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది రూమ్ సర్వీస్ దగ్గర. సంతకం చేసే ముందు బిల్లు చివరిదాకా చూడండి. సర్వీస్ ఛార్జీ, గదికి తెచ్చినందుకు వేసే ట్రే ఛార్జీ విడివిడిగా ఉండొచ్చు. ట్రే ఛార్జీ చాలాచోట్ల హోటల్‌కే పోతుంది, తెచ్చినవాళ్లకి కాదు. సర్వీస్ ఛార్జీ వేశాక కింద ‘టిప్’ అని ఇంకో ఖాళీ గీత కనిపించినా, దాన్ని నింపి తీరాలనేం లేదు. జపాన్‌లో మాత్రం టిప్పు ఆనవాయితీ లేదు, ఇచ్చినా మర్యాదగా వెనక్కిచ్చేస్తారు.

తాళంచెవి:
ఇక బోర్డు గురించి. సిబ్బంది ఎప్పుడైనా తట్టి, ‘హౌస్‌కీపింగ్’ అని పలికి, ఆగి, మళ్లీ తట్టి, జవాబు లేకపోతేనే తలుపు తీయాలి. తట్టిన మరుక్షణమే తాళం కార్డు పెట్టడం తప్పు. బోర్డు ఉంటే మామూలు శుభ్రతకి రాకూడదు. అయితే నిప్పు, నీటి లీకు, ఆరోగ్యం మీద అనుమానం లాంటివి వస్తే వస్తారు. 2017 అక్టోబరులో లాస్ వేగాస్ హోటల్ గది నుంచి కాల్పులు జరిగాక చాలా హోటళ్లు ఈ నియమం బిగించాయి. బోర్డు ఒక రోజో, రెండు రోజులో దాటితే ఫోన్ చేసి, పలక్కపోతే గది చూసే పద్ధతి పెట్టుకున్నాయి. చెకిన్ అప్పుడే ‘బోర్డు ఎన్ని గంటల దాకా చెల్లుతుంది?’ అని అడగడం మేలు.

బోర్డు కన్నా లోపలి గొళ్లెం నమ్మకం. లోపలి నుంచి బోల్టు వేస్తే అటెండెంట్ కార్డుతో తలుపు రాదు, అత్యవసర కీ కావాలి. ఏదైనా వస్తువు పోతే వెంటనే డ్యూటీ మేనేజర్‌ని పిలిచి తాళం రికార్డు తీయమనండి. ఏ కార్డు ఎన్ని గంటలకి తలుపు తీసిందో ఎలక్ట్రానిక్ తాళంలో ఉంటుంది. ఆ మెమరీ పరిమితం, కొత్తవి చేరే కొద్దీ పాతవి చెరిగిపోతాయి. ఫిర్యాదు నోటిమాటగా వదలకుండా రాసిచ్చి నకలు తీసుకోండి.

గుమ్మం దగ్గర తచ్చాడితే ‘థాంక్స్, ఇక చాలండీ’ అని మీరే తలుపు వైపు నడవండి, అర్థమవుతుంది. నోరు తెరిచి అడిగితే బ్యాడ్జి మీద పేరు, సమయం మేనేజర్‌కి చెప్పండి.

మూడో అంతస్తు:
మర్యాద మన వైపు నుంచీ ఉండాలి. ఒంటి మీద సరిగ్గా బట్టలు లేకుండా తలుపు తీయొద్దు. శుభ్రం చేస్తుండగా తలుపు మూయమనొద్దు, వాళ్ల భద్రత కోసమే బార్లా తెరిచి ఉంచుతారు. అతిథుల వేధింపుల వల్లే సియాటిల్‌లో 2016లో, షికాగోలో 2017లో హోటల్ సిబ్బందికి పానిక్ బటన్లు (ఆపదలో నొక్కితే సాయం పిలిచేవి) ఇవ్వాలని నిబంధనలు వచ్చాయి.

సూట్‌కేస్:
రోజూ శుభ్రం చేయించుకోకుండా తువ్వాళ్లు మాత్రమే మార్పించుకుంటే?

తాళంచెవి:
తువ్వాళ్లు చేతికి తెచ్చిచ్చినవాళ్లకి కొంచెం, ఎవరూ రాని రోజుకి ఏమీ వద్దు. కానీ అలాంటి గదికి చివరి రోజు పని ఎక్కువ. దుప్పట్లన్నీ మార్చాలి, బాత్రూమ్ మొత్తం రుద్దాలి, అన్ని రోజుల చెత్తా తీయాలి. ఆ రోజు కాస్త ఎక్కువ పెట్టండి.