పాత కంప్యూటర్‌కి లిబ్రే ఆఫీసా, ఓన్లీ ఆఫీసా?

అందరికీ నమస్కారం. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేయాలి. అమ్మ తెలుగులో కథలు టైప్ చేస్తుంది, నేను ఖర్చుల లెక్కలు రాసుకుంటాను. నెట్ లేకపోయినా పనిచేయాలి.

ఓపెన్ ఆఫీస్ వద్దనుకున్నాను. 2010లో దాన్నుంచి విడిపోయిన లిబ్రే ఆఫీస్‌కే కొత్త వెర్షన్లు క్రమంగా వస్తున్నాయి. అందులో తెలుగు ఫాంటును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (తెలుగు లాంటి లిపుల కోసం ఉండే సెట్టింగ్) కింద విడిగా ఎంచుకోవాలి, అది పర్లేదు. నా టెన్షన్ అంతా వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫైళ్ల గురించే. అవతలివాళ్లు వర్డ్‌లో తెరిస్తే పట్టికలు చెదిరిపోకూడదు. ఓన్లీ ఆఫీస్ నేరుగా ఆ ఫార్మాట్‌లోనే పనిచేస్తుంది కాబట్టి మనసు అటే లాగుతోంది.

మరి అందులో ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు విడిపోకుండా పీడీఎఫ్ వస్తుందా? ఇంత తక్కువ ర్యామ్‌లో ఏది తేలిగ్గా నడుస్తుంది? రెండూ వాడినవాళ్లు దయచేసి చెప్పండి.