రష్యా పల్లె ఇంట్లో పొయ్యి మూల: ఆడవారి ఏలుబడా, ఆడవారి చెరా?

పాతపుస్తకం: మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి కనుక ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆ దేశపు పల్లె స్త్రీ ఇంటికి బానిస అని కొందరు రాస్తుంటారు; నేను ఒప్పుకోను. రష్యా రైతుల దుంగల ఇల్లు ఇజ్బాలో దాదాపు నాలుగో వంతు జాగాను ‘పెచ్’ అనే పెద్ద పొయ్యే ఆక్రమించేది. దాని నోటికి ఎదురుగా, తెర కట్టి ఉండే చోటును ‘బాబియ్ కూత్’, అంటే ఆడవారి మూల అనేవారు. పరాయి మగవాడు అక్కడ అడుగుపెట్టకూడదు. పిండి కొలత దగ్గరనుంచి ఏ కోడలు ఏ రోజు వండాలన్నదాకా అన్నీ ‘బల్షూఖా’ అనే ఇంటి పెద్దావిడ చెప్పినట్టే జరిగేవి. అంతటి పెత్తనం గల స్త్రీని బానిస అని రాయడం అన్యాయం.

వేపచెట్టు: మీరు చెప్పిన పెత్తనం అత్తగారిదండీ, ఆడవారిది కాదు. ఒక అత్తగారు, ముగ్గురు కోడళ్లు ఉన్న ఇంట్లో ఆ మూల ఎవరిది? తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, కాగుతున్న ఇనుప కుండను ‘ఉఖ్వాత్’ అనే పొడవాటి కొంకికర్రతో లోపలికి తోసి, మళ్లీ బయటికి లాగేది కోడలే. పొగగొట్టం లేని ‘నల్ల ఇళ్లు’ 19వ శతాబ్దంలో కూడా చాలా పల్లెల్లో ఉండేవి. ఆ పొగంతా ఆమె కళ్లలోకే పోయేది.

గోదారిగట్టు: పెచ్ మీద పడుకునేది ముసలివారని విన్నాను. కోడలికి అక్కడ చోటుండేదా?

పాతపుస్తకం: అన్నిటికంటే వెచ్చని చోటు ముసలివారికి, పక్కనే కప్పు కింద ‘పలాతి’ అనే చెక్క అటక పిల్లలకు ఇచ్చిన ఇల్లు అది. కొత్త ఇంట్లోకి వెళ్లేటప్పుడు పాత పొయ్యిలోని నిప్పులను కుండలో పట్టుకుని, ఇంటిని కాచే ‘దమవోయ్’ అనే గృహదేవతను తాతా అని పిలిచి వెంట రమ్మనేది కూడా ఇంటి ముసలావిడే. పెద్దలకు ఆ గౌరవం ఇప్పుడెక్కడుంది?

వేపచెట్టు: ఆ ఇంట్లో అంత సుఖమే ఉంటే, రైతులకు దాస్యం తొలగిన 1861 తర్వాత చిన్న కొడుకులూ కోడళ్లూ అంతగా వేరుపడటం దేనికి? ఆ వేరుకాపురాలను ఆపడానికే 1886లో ప్రభుత్వం చట్టం తెచ్చింది: ఇంటి పెద్ద ఒప్పుకోవాలి, గ్రామసభలో మూడింట రెండు వంతుల మంది సమ్మతించాలి. నేను ఏడేళ్లు ఉమ్మడి ఇంట్లో ఉన్నాను. బియ్యం గది తాళంచెవి మా అత్తగారి కొంగున ఉండేది. ఏడో నెలలో ఆకలేసి పెరుగన్నం కలుపుకుంటే, కలిపిన గిన్నె నా చేతిలోనుంచి తీసుకుని పక్కన పెట్టారు.

పాతపుస్తకం: మీ అత్తగారి మీద కోపం రష్యా చరిత్ర కాదమ్మా.

కలంకారి: ఆ మాట అనవలసింది కాదు, అన్నగారూ. ఇద్దరూ ఒకటి వదిలేశారు. పెళ్లికూతురు తెచ్చుకున్న ‘సుందూక్’ పెట్టెలోని బట్టలు, నారగుడ్డలు ఆచారం ప్రకారం ఆమె సొత్తే. మన స్త్రీధనంలాగే భర్తకు కూడా వాటిపై హక్కు ఉండేది కాదు.

వేపచెట్టు: ఆ పెట్టె ఆమెదే, నిజం. ఏ పూట ఏం తినాలో మాత్రం ఆమె చేతిలో లేదు. నాకు సమాధానం చెప్పండి పాతపుస్తకం గారూ, ఆ ఇంటిమీద మీకెందుకింత పట్టుదల?

పాతపుస్తకం: పదిహేడు మంది ఉన్న ఇంట్లో, నాయనమ్మ కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగాను. నిరుడు ఆ ఇల్లు అమ్మేశాం. అలాంటి ఇళ్లన్నీ చెరసాలలే అని ఎవరైనా రాస్తే నా చిన్నతనాన్నే కొట్టిపారేసినట్టు ఉంటుంది.

వేపచెట్టు: మీ చిన్నతనాన్ని నేనేమీ అనలేదండీ. నాయనమ్మగారు ముద్దలు పెడుతున్నప్పుడు మీ అమ్మగారు ఎక్కడ ఉండేవారు?

పాతపుస్తకం: వంటింట్లో. ఆవిడ ఎప్పుడు తినేదో నాకు గుర్తు లేదు. రేపు అడుగుతాను. బల్షూఖా పెత్తనం గురించి రాసినది తప్పని మాత్రం ఒప్పుకోను.