“జరాయు అవరోధం” అని రాయొచ్చా?

టెక్కలి నుంచి అడుగుతున్నాను. ఆశా కార్యకర్తల కోసం గర్భిణుల టీకాల మీద కరపత్రం రాస్తున్నాను. ప్లాసెంటల్ బారియర్‌కు (తల్లి రక్తానికీ కడుపులోని బిడ్డ రక్తానికీ మధ్య ఉండే అడ్డుకు) “జరాయు అవరోధం” అని పెట్టాను. ఒక ఆశా అక్క చదివి, “మధ్యలో అడ్డుంటే మనమేసే టీడీ ఇంజెక్షన్ బిడ్డకెలాగ పనికొస్తాది?” అని అడిగింది. (టీడీ అంటే ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీకా.) మంచి మాట చెప్పండి.

— జరాయువు అని మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరంటారండీ? మంత్రసానైనా, లేబర్ రూమ్ నర్సైనా “మాయ పడిందా?” అనే అడుగుతారు. మాయ అనే రాయండి. “మాయ పొర” అన్నా తెలుస్తుంది.

అసలు చిక్కు “అవరోధం” దగ్గరే ఉంది, ఆ అక్క సరిగ్గా పట్టుకున్నారు. తల్లి రక్తం, బిడ్డ రక్తం మామూలుగా కలవవు, అంతవరకు అడ్డు నిజమే. కానీ ఐజీజీ అనే రకం యాంటీబాడీలను (జబ్బులతో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లను) మాయ కణాల్లోని ఒక గ్రాహకం పట్టుకుని పనిగట్టుకుని అవతలికి చేరవేస్తుంది. 28 వారాలు దాటాక ఈ చేరవేత బాగా జోరందుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలో ఐజీజీ తల్లికున్నంత, చాలాసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఉత్త అడ్డుగోడే అయితే అవతలి పక్క ఎక్కువెలా అవుతుంది? నెలలు నిండకుండా పుడితే మాత్రం ఆ వాటా తగ్గిపోతుంది.

— అయితే “జల్లెడ” అంటే సరిపోదా?

— సరిపోదండి. జల్లెడ సైజు చూసి వదులుతుంది. రక్తంలోని ఐజీఏ అనే ఇంకో రకం యాంటీబాడీ సైజులో దాదాపు ఐజీజీ అంతే ఉంటుంది, అయినా మాయ దాన్ని పెద్దగా దాటనివ్వదు. అది బిడ్డకు ముర్రుపాలలో అందుతుంది. ఐజీఎం అనే మరో రకం కూడా దాటదు. అందుకే పుట్టిన బిడ్డ రక్తంలో ఏదైనా జబ్బు తాలూకు ఐజీఎం కనిపిస్తే, అది బిడ్డ సొంతంగా తయారుచేసుకున్నదని, కడుపులోనే ఇన్‌ఫెక్షన్ తగిలిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు.

“కాపలా” అని కూడా అనొద్దు. తల్లి రక్తం గ్రూపు ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు, బిడ్డ ఎర్రకణాలను చెరిపే యాంటీబాడీలు తల్లిలో ఉంటే అవీ ఇదే దారిన పోతాయి. ఐజీజీ అయితే చాలు, మంచిదా చెడ్డదా అని మాయ చూడదు.

— ఇంకొకటి. “తల్లిదండ్రుల యాంటీబాడీలు” అని ఎక్కడైనా ఉంటే కొట్టేయండి. తండ్రివి బిడ్డకు చేరే దారి లేదు. తల్లి నుంచి వచ్చినవాటిని “అరువు రక్షణ” అనండి. కొన్ని నెలల్లో అవి తరిగిపోతాయి. తట్టు టీకా 9 నెలలకు వేయడానికి ఒక కారణం ఇదే, ముందే వేస్తే తల్లి యాంటీబాడీలు దాన్ని సరిగ్గా పనిచేయనివ్వవు.

— అందరికీ నమస్కారం. కరపత్రంలో ఇలా మారుస్తున్నాను: “తల్లికి వేసిన టీడీ టీకాతో పుట్టే యాంటీబాడీలను మాయ బిడ్డకు చేరవేస్తుంది. పుట్టాక మొదటి వారాల్లో ధనుర్వాతం రాకుండా అవే కాపాడతాయి.”